‘సరే మేడం’ అని వెళ్లిపోయిన అమ్మాయి

ప్రశ్న: గౌరవనీయులైన అక్కగారికి నమస్కారం. మాది గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి, ఏడాదిన్నరగా ఇక్కడి విద్యార్థుల హాస్టళ్లలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మాది భూములున్న కుటుంబం. మూడు నెలల కిందట పన్నెండో తరగతి చదువుతున్న పదిహేడేళ్ల మాదిగ అమ్మాయి నా దగ్గరికి వచ్చి, నిద్ర పట్టడం లేదని, అన్నం ముందు కూర్చుంటే కడుపులో తిప్పుతోందని చెప్పింది. తన కులం తెలిసిన దగ్గర నుంచి గదిలోని అమ్మాయిలు తన తొక్కు సీసా ముట్టడం లేదని, తన మంచం మీద కూర్చోవడం మానేశారని రెండో వారం చెప్పింది. నేను టీ తెప్పించి ఇచ్చి, ప్రేమగానే, “నేను కులం చూడను, నాకు అందరూ సమానమే, వాళ్ల మాటలు పట్టించుకోకుండా చదువు మీద దృష్టి పెట్టు” అని చెప్పి, ఊపిరి నెమ్మదిగా తీసి వదిలే పద్ధతి నేర్పాను. “సరే మేడం” అని వెళ్లింది, మళ్లీ రాలేదు. భామ్రాగఢ్ వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న మాడియా ఆదివాసీ అబ్బాయి మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ మౌనంగా కూర్చుని వెళ్లాడు. రిజిస్టర్‌లో “సహకరించడం లేదు” అని రాశాను. కులం గురించి పిల్లలతో మాట్లాడవచ్చా అని అడిగితే, కౌన్సెలింగ్‌లోకి రాజకీయాలు తేవద్దని మా పై అధికారి అన్నారు. నా తప్పు ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపినవి “సరే మేడం” అనే రెండు మాటలు. మన వైపు వాడల్లో పెరిగిన పిల్లలకు ఆ మాట చాలా చిన్నప్పుడే అలవడుతుంది. ఎదుట ఉన్నది పటేలైనా, ఫారెస్టు గార్డైనా, బడిలో సారైనా, ఆ మనిషి విషయాన్ని అక్కడితో ముగించాలనుకుంటున్నాడని అర్థమైన క్షణంలో, గొడవ లేకుండా బయటపడడానికి వారికి మిగిలే మాట అదొక్కటే. మీరు దాన్ని ఒప్పుకోలుగా విన్నారు. ఆమె మాత్రం అప్పుడే మీ దగ్గర సెలవు తీసుకుంది.

“నేను కులం చూడను” అన్నప్పుడు మీరు మనస్ఫూర్తిగానే అన్నారని నమ్ముతున్నాను. అయితే కులాన్ని చూడకుండా రోజు గడపగలగడం భూములున్న ఇంట్లో పుట్టినవారికి దొరికిన వెసులుబాటు. ఆ అమ్మాయికి తొక్కు సీసా దగ్గర, మంచం దగ్గర, నీళ్ల డ్రమ్ము దగ్గర, భోజనాల వరుసలో, రోజుకు ఎన్నోసార్లు కులం ఎదురవుతూనే ఉంటుంది. ఆమె మొదటి వారం నిద్ర గురించి, కడుపు గురించి మాత్రమే చెప్పి, మీరు ఎలాంటివారో చూసుకుని, రెండో వారం ధైర్యం కూడగట్టుకుని అసలు సంగతి మీ ముందు పెట్టింది. దానికి జవాబుగా “నేను చూడను” అన్న మాట వినిపిస్తే, తాను చూపించినదాన్ని చూడడానికి మీరు ఇష్టపడలేదనే ఆమె అనుకుని ఉంటుంది. ఆ తరువాత “పట్టించుకోకు” అన్న సలహా వచ్చింది. అంటే తప్పు చేసినవారు నలుగురుంటే, మారవలసిన బాధ్యత మాత్రం బాధపడుతున్న ఒక్కరి మీద పడింది.

ఇంకొక చిన్న విషయం అడుగుతాను, నొచ్చుకోకండి. ఆ టీ ఆమెకు దేనిలో ఇచ్చారు? మీ ఉత్తరంలో ఆ వివరం లేదు. కానీ నేను చూసిన చాలా ఆఫీసుల్లో సిబ్బంది కప్పులు బల్ల మీద బోర్లించి ఉంటాయి, వచ్చినవారికి మాత్రం కాగితపు గ్లాసులో టీ వస్తుంది. ఇచ్చేవారి మనసులో శుభ్రత తప్ప మరేమీ ఉండకపోవచ్చు. హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని కళ్లారా చూసిన తాతలు, అమ్మమ్మలు ఉన్న ఇంటి బిడ్డ కన్ను మాత్రం ముందుగా ఆ గ్లాసు మీదికే పోతుంది. మీ గదిలో ఒకే రకం స్టీలు గ్లాసులు ఆరు పెట్టి, వచ్చిన వారికీ మీకూ వాటిలోనే పోసి, తరువాత మీ గ్లాసుతో పాటే వారి గ్లాసునూ మీరే కడగండి. దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడవలసిన అవసరం లేదు.

ఇదంతా నేను తప్పు చేయనిదానిలా చెబుతున్నానని అనుకోకండి. మాది బల్లార్షా, మా నాన్న బొగ్గు గనిలో పనిచేశారు. మేము మాలలం. చదువుకునే రోజుల్లో, తరగతిలో నాకు జరిగిన అవమానం గురించి చెబితే, ఒక సలహాదారు నన్ను “సున్నిత మనస్తత్వం” కలదానివన్నారు. ఆ మాట పన్నెండేళ్లు నాలో ఉండిపోయింది. అంత జరిగినా, నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక మాదిగ మహిళ నా దగ్గరికి వస్తే, “మనం మనం ఒకటే కదా, నీ బాధ నాకు తెలుసు” అన్నాను. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. మా వాడలోనే కొన్ని ఇళ్లలో వాళ్లమ్మకు నీళ్లు ఎత్తి దోసిట్లో పోసేవారని నాకు తరువాత తెలిసింది. నేను తెలుసన్న బాధలో మా వాళ్ల పాత్ర కూడా ఉందని ఆమెకు తెలుసు, నాకు తెలియదు. పీడిత కులంలో పుట్టినంత మాత్రాన ఎదుటివారి బాధ దానంతట అదే అర్థం కాదని ఆ రోజు నేర్చుకున్నాను. అందుకే పై కులంలో పుట్టినందుకు మీరు ఈ పనికి పనికిరారని నేను అనను. మీరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో మీకు తెలిసి ఉండాలి, ఆ సంగతి ఆమెకు కూడా తెలుసని గుర్తుండాలి.

ఊపిరి పద్ధతి నేర్పడం తప్పు కాదు. భయంలో ఉన్న ఒంటికి అది నిజంగానే కొంత ఊరటనిస్తుంది; మీరు తొందరపడింది వరుస విషయంలో. ఇంట్లో పొగ నిండి దగ్గు వస్తున్నప్పుడు దగ్గుకు మందు ఇవ్వవలసిందే, కానీ పొయ్యి దగ్గరికి ఎవరూ వెళ్లకపోతే ఆ మందు ఎన్నాళ్లు పనిచేస్తుంది? ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో స్వలింగ సంపర్కుల, ద్విలింగ సంపర్కుల విషయంలో ‘మైనారిటీ ఒత్తిడి’ అనే ఆలోచనను విస్తారంగా వివరించారు. అందరికీ ఉండే కష్టాలకు తోడు, చిన్నచూపుకు గురయ్యేవారు మరికొంత బరువు మోస్తారని ఆయన చెప్పారు. జరిగిన అవమానం ఒకటి, మళ్లీ జరుగుతుందేమోనని ఎప్పుడూ కాచుకుని ఉండడం మరొకటి, తానెవరో దాచుకోవలసి రావడం ఇంకొకటి, లోకం అన్న మాటను తానే నమ్మడం మొదలుపెట్టడం వీటన్నిటికంటే లోతైనది. మీ అమ్మాయి నిద్రను, ఆకలిని ఈ వెలుగులో మళ్లీ చూడండి. రాత్రి నిద్రపోవలసిన గదే ఆమె పగలంతా కాచుకుని ఉండవలసిన చోటు కూడా అయింది. అన్నం ముందు కడుపులో తిప్పడం మొదలైంది కూడా ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారో అందరికీ కనబడే భోజనాల దగ్గరే.

అయితే దీనికి ఎదురు దిక్కున మరొక తప్పు పొంచి ఉంది, అనుభవం పెరిగేకొద్దీ అందులో పడే ప్రమాదం ఎక్కువ. దళిత బిడ్డ అనగానే ప్రతి బాధకూ కులమే కారణమని మనమే తీర్మానించేస్తే, అప్పుడు కూడా ఆమె మాట మనం వినలేదనే లెక్క. ఆమెకు పరీక్షల భయం ఉండవచ్చు, ఇంట్లో తండ్రి తాగుడు ఉండవచ్చు, మందులతో నయమయ్యే డిప్రెషన్ ఉండవచ్చు. నీరసం, నొప్పులు ఉన్నాయంటే రక్తపరీక్ష చేయించండి. విదర్భలోని ఆదివాసీ, దళిత కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గణనీయంగా ఉంది. ఒంటి జబ్బును “మనసులోని దిగులు” అని కొట్టిపారేసిన సందర్భాలు నేను చూశాను. ఆమె తెచ్చిన విషయం నుంచే మొదలుపెట్టి, ఆమె నడిచినంత దూరమే నడవండి.

మాట ఎలా కదపాలో మీకు ఎవరూ నేర్పి ఉండరు, మాకూ నేర్పలేదు. నేను సాధారణంగా ఇలా అడుగుతాను: “ఆ గదిలో మొదటిసారి అలా జరిగిన రోజు ఏమైంది?” “అప్పుడు ఒంట్లో ఎక్కడ తెలిసింది?” “ఇంట్లో చెబితే ఏమంటారని అనిపిస్తోంది?” ఈ మూడోదానికి వచ్చే జవాబు చాలాసార్లు మొత్తం కథను విప్పుతుంది, ఎందుకంటే చదువు మాన్పించి ఇంటికి తీసుకుపోతారన్న భయంతో పిల్లలు ఎన్నో దాచుకుంటారు. “ఎందుకలా అనిపించింది, వాళ్లు వేరే కారణంతో చేసి ఉండొచ్చు కదా” అని మాత్రం అడగకండి. సాక్ష్యం చూపించమని అడగడానికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి. మీ గదిలో కూడా ఆమె తన అవమానాన్ని రుజువు చేసుకోవలసిన అవసరం ఉండకూడదు.

మరొక ప్రశ్న నాకు చాలా ఇష్టం: “మీ అమ్మ, మీ అమ్మమ్మ ఇలాంటివి జరిగినప్పుడు ఏం చేసేవారు?” ఇలా అడిగితే ఆ బిడ్డకు తన వెనుక నిలబడిన మనుషులు కనిపిస్తారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష ఇచ్చిన అంబేద్కర్, రెండు రోజుల తరువాత, 16న మన చంద్రపూర్‌కు వచ్చి ఇక్కడ కూడా వేలాదిమందికి దీక్ష ఇచ్చారు. ఆ రోజు మైదానంలో ఉన్న మా తాత, జీవితంలో మొదటిసారి పెద్ద గుంపులో తల వంచకుండా నిలబడ్డానని చెప్పేవాడు. ఆ మాట నా తాతది కాబట్టి నాకు పనికొచ్చింది. మీ అమ్మాయికి ఏది పనికొస్తుందో ఆమె ఇంట్లోనే దొరుకుతుంది. అది చర్చి పాట కావచ్చు, డప్పు కావచ్చు, దొరతో ఎదురుమాట్లాడిన మేనత్త కావచ్చు. మీరు బయటి నుంచి తెచ్చి ఇచ్చే ధైర్యం కంటే అది ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇక మాడియా అబ్బాయి సంగతి. ముందుగా ఆ రిజిస్టర్ తెరిచి “సహకరించడం లేదు” అన్న మాట పక్కన, నేటి తేదీ వేసి, “మూడుసార్లు తానే వచ్చాడు, ఏ భాషలో మాట్లాడాలో నేను అడగలేదు” అని రాయండి. సహకరించని పిల్లవాడు మూడోసారి రాడు కదా! మాడియా గోండులు మహారాష్ట్రలో ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహాలుగా గుర్తించిన మూడు సమూహాల్లో ఒకరు. ఆ అబ్బాయి ఇంట్లో మాడియా, బడిలో మరాఠీ, మీ ఊరి బజారులో తెలుగు వింటాడు. తన బాధను మూడో భాషలోకి మార్చుకుని, కొత్త మనిషికి, కళ్లలోకి చూస్తూ, ముప్పై నిమిషాల్లో చెప్పమని మనం అడుగుతున్నాం. గోండీ మన తెలుగుకు దగ్గరి చుట్టమే. వాళ్లు నీళ్లను ‘ఏర్’ అంటారు. మనం పారే నీటిని ఏరు అంటాం. మీరు ఇరవై మాటలు నేర్చుకుని తప్పుతప్పుగా పలికితే, ఆ గదిలో మొదటిసారి తడబడేవారు మీరవుతారు, దానివల్ల అతనికి కొంత చోటు దొరుకుతుంది. 1973లో భామ్రాగఢ్ తాలూకాలోని హేమల్‌కసాలో వైద్యం మొదలుపెట్టిన ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే దంపతులు కూడా మాడియా నేర్చుకున్నాకే జనానికి దగ్గరయ్యారు. దుబాసీ అవసరమైతే హాస్టల్ వార్డెన్‌ను, కావలివాడిని, అతని ఊరివాడిని పెట్టకండి. ఆ మాటలు సాయంత్రానికి ఊరు చేరతాయి. ఎవరైతే తనకు ఇబ్బంది లేదో అతన్నే అడగండి. కూర్చుని మాట్లాడడం కుదరకపోతే నది ఒడ్డున నడుస్తూ మాట్లాడండి. నాలుగోసారి కూడా మౌనంగా కూర్చుంటే, ఆ మౌనంలో తోడుగా కూర్చోవడం కూడా మీ పనే.

మీ పై అధికారి మాటకు కోపంతో కాకుండా కాగితంతో జవాబివ్వండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, లింగం, లైంగికత, మతం, సంస్కృతి, కులం, సామాజిక, రాజకీయ విశ్వాసాలు, వర్గం, వైకల్యం వంటి ఏ ఆధారం మీదా వివక్ష లేకుండా మానసిక ఆరోగ్య సేవలు పొందే హక్కు అందరికీ ఉందని చెబుతుంది. చట్టమే కులం పేరెత్తి చెప్పినప్పుడు, కౌన్సెలర్ కులం పేరెత్తడం రాజకీయం ఎలా అవుతుంది? 2019లో ముంబైలో పాయల్ తడ్వీ అనే ఆదివాసీ యువ వైద్యురాలు ప్రాణం తీసుకున్నారు. సీనియర్లు కులం పేరుతో వేధించారని ఆమె కుటుంబం ఫిర్యాదు చేసింది. ఆ ఉదంతాన్ని మీ అధికారికి గుర్తు చేయండి. మౌనంగా ఉండడం ఎటూ మొగ్గకపోవడమేనని మనకు అనిపిస్తుంది, కానీ గదిలో నలుగురు ఒక్కరిని వెలివేసినప్పుడు, ఏమీ మాట్లాడని పెద్దవారు ఎటువైపు ఉన్నారో ఆ ఒక్కరికి తెలిసిపోతుంది.

కౌన్సెలింగ్ అంటే మాటలేనన్న అభిప్రాయం కూడా కొంచెం సడలించుకోండి. మన సరిహద్దు పిల్లల నిద్రను చెడగొట్టేవాటిలో కాగితాలు ముఖ్యమైనవి. ఇంట్లో మాదిగ అంటారు, తండ్రి పాత కాగితంలో మరాఠీలో మాద్గీ అని ఉంటుంది. రెండూ మహారాష్ట్ర జాబితాలో ఉన్నా, అక్షరం తేడా పడితే ఎవరో ఒకరు అడ్డు చెబుతారు. తల్లి నది అవతలి తెలంగాణ నుంచి వచ్చిన కోడలైతే ఆమె పత్రం ఇక్కడ రిజర్వేషన్‌కు పనికిరాదు, ఎందుకంటే షెడ్యూల్డు జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఒక రాష్ట్రం హోదా మరో రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది. అక్కడ షెడ్యూల్డు తెగగా ఉన్న లంబాడా కుటుంబం ఇక్కడ విముక్త జాతుల జాబితాలోకి వస్తుంది. పన్నెండో తరగతి తరువాత వృత్తి కోర్సులకు కులం వ్యాలిడిటీ, అంటే కులం నిజమేనని తేల్చే పత్రం, కావాలి, దానికి పరిశీలన కమిటీ ముందు తాతల నాటి దాఖలాలు పెట్టాలి. ఒక పూట ఆ అమ్మాయి పక్కన కూర్చుని ఫారం నింపించి, పాత బడి దాఖలా ఎక్కడ దొరుకుతుందో వెతికిస్తే, దాన్ని “నా పని కాదు” అనుకోకండి. నేను చేసిన మంచి కౌన్సెలింగ్‌లో సగం తహసీల్ కార్యాలయం వరండాలో జరిగింది.

ఇప్పుడు ఆ అమ్మాయిని ఎలా కలవాలి? హాస్టల్ మైకులో పిలిపించవద్దు, వార్డెన్‌తో కబురు పెట్టవద్దు. కౌన్సెలర్ పిలిచిందని తెలిస్తే గదిలో మరొక ముద్ర పడుతుంది. ఆమె ఒంటరిగా ఎదురైనప్పుడు, ఎక్కువ మాటలు లేకుండా చెప్పండి: “ఆ రోజు నువ్వు చెప్పినదాన్ని నేను సరిగా వినలేదు. కులం చూడనని అన్నాను, అది తప్పు మాట. నీకు ఇష్టమైతే మళ్లీ విందామనుకుంటున్నాను. రాకపోయినా ఏమీ అనుకోను.” అంతటితో ఆపండి. కన్నీళ్లు పెట్టుకోవడం, మీ ఇంట్లో కులం ఎంత తప్పో చెప్పుకోవడం, మీరు మంచివారని ఆమెతో అనిపించుకోవడం వద్దు. అవన్నీ చేస్తే ఆమె మిమ్మల్ని ఓదార్చవలసి వస్తుంది. ఆ మాటలు చెప్పుకోవడానికి నాలాంటివారికి ఉత్తరం రాయండి. మాదిగల జీవితం గురించి నేర్పమని కూడా ఆమెను అడగకండి. అది మీరు చదివి, విని, తిరిగి తెలుసుకోవలసినది.

ఆమె వస్తే, ఏమి చేయాలన్నది ఆమె నిర్ణయం. గది మార్పు కోరవచ్చు, కానీ వెలివేసిన నలుగురు అక్కడే ఉండి ఆమె మాత్రం సామాను మోసుకుని వెళ్లడం న్యాయమా అన్నది ఆమెతో కలిసి ఆలోచించండి. షెడ్యూల్డు కులాల, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉంది. 2015 సవరణతో సామాజిక బహిష్కారం కూడా నేరాల జాబితాలో చేరింది. అయినా, నలుగురి కంట పడని నాలుగు గోడల మధ్య అన్న మాట ఆ చట్టం కింద అవమాన నేరం కాదని 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది కాబట్టి, కేసు తప్పక నిలబడుతుందని మాట ఇవ్వకండి. జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థలో ఉచితంగా న్యాయవాది దొరుకుతారని చెప్పండి. చాలామంది పిల్లలకు కేసు కంటే ముందు కావలసింది, హాస్టల్ పెద్దలు అందరి ముందు “ఇక్కడ ఇది జరగకూడదు” అని ఒకసారి గట్టిగా అనడం. అది వార్డెన్‌తో అనిపించడం మీ బాధ్యత.

రహస్యం గురించి మొదటి రోజే నిజం చెప్పండి. ఆమెకు పద్దెనిమిదేళ్లు నిండలేదు. లైంగిక హింస సంగతి బయటపడితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం మీరు పోలీసులకు తెలపాలి. ప్రాణం తీసుకునే ఆలోచన ఉంటే ఒంటరిగా వదలకూడదు, ఆమె నమ్మే పెద్దవారికి ఒకరికి చెప్పాలి. ఈ రెండూ ముందే చెబితే, తరువాత మోసపోయానని ఆమెకు అనిపించదు. సిరొంచ నుంచి జిల్లా ఆసుపత్రి సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరం కాబట్టి, రాత్రి వేళ మీరు అందుబాటులో లేనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చని, మరాఠీలోనూ తెలుగులోనూ మాట్లాడవచ్చని ఒక చీటీ మీద రాసి ఇవ్వండి.

ఆమె రాకపోవచ్చు కూడా. అలాంటప్పుడు వెంటపడకండి, స్టీలు గ్లాసులు మాత్రం కొనండి, వార్డెన్‌తో మాట్లాడండి, మాడియా మాటలు నేర్చుకోవడం మొదలుపెట్టండి. హాస్టల్ పిల్లలకు ఒకరి సంగతి ఒకరికి తొందరగానే తెలుస్తుంది. మీ గదిలో నీళ్లు దేనిలో పోస్తారో, ఏ మాటకు ఏమంటారో కూడా వాళ్లు మాట్లాడుకుంటారు. తరువాత తలుపు దగ్గర ఎవరు నిలబడతారో, ఏ భాషలో మొదలుపెడతారో నాకు రాయండి.